ఆయుధ పూజ నాడు ఆపిన సర్వర్

ఎందుకు రాస్తున్నాను

మంజునాథ ఇప్పుడు ఆసుపత్రి కంప్యూటర్ గదికి పెద్ద. నేను రిటైరై వచ్చేశాక ఆ కుర్చీలో అతనే కూర్చున్నాడు. పోయిన నెల కప్పగల్లులో మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టాక అసలు సంగతి బయటపెట్టాడు.

"కొత్తగా ఇద్దరు చేరినారక్కా. చురుకైనోళ్ళే. ఏం చెప్పినా టకటకా కొట్టేస్తారు. ఏమిటికి కొడ్తాండామని మాత్రం అడగరు. నువ్వొకసారి రాసియ్యి. నేను చెప్తే బాసు గొణుగుతాండాడు అనుకొంటారు."

"నేను రాస్తే ముసల్ది గొణుగుతాండాది అనుకొంటారు."

"అనుకోనీ. చదువుతారు గదా."

అందుకని రాస్తున్నాను. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలంలో ఒకటి తీసి కప్పుకుంటాను. ట్రస్టు పేరు కూడా రాయను. బళ్ళారి బయట ఉన్న ఒక ట్రస్టు ఆసుపత్రి అనుకోండి చాలు. ఈ పనిలో నాకు నిజంగా బుద్ధి చెప్పిన సంగతులు రెండు మూడే ఉన్నాయి, వాటినే రాస్తాను.

ముందు పని ఏమిటో చెప్పాలి. ఎవరైనా ఫోనులో మా ఆసుపత్రి పేజీ తెరిస్తే, ఆ పేజీని తీసి అందించే ప్రోగ్రాం ఒకటి మా గదిలో ఎప్పుడూ మేలుకొని ఉంటుంది. దాన్నే వెబ్ సర్వర్ అంటారు. మేం వాడినది ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, ఆ రాతనంతా అందరూ చదువుకునేలా వదిలిపెట్టిన సాఫ్ట్‌వేర్. ఆ రాత పేరు సోర్స్ కోడ్. దాన్ని దించుకుని మన యంత్రం నడపగలిగే రూపంలోకి మనమే మార్చుకోవచ్చు, దాన్నే కంపైల్ చేయడం అంటారు. లేదా వేరేవాళ్ళు కంపైల్ చేసిపెట్టిన ప్యాకేజీ తెచ్చుకోవచ్చు. మన జొన్నలు గిర్నీకి తీసుకుపోయి దగ్గరుండి ఆడించుకోవడానికీ, అంగట్లో పిండి పొట్లం కొనుక్కోవడానికీ ఉన్న తేడా అది. పొట్లం చెడ్డదని నేననను. ఇప్పుడు చాలాచోట్ల అదే తెలివైన పని. కానీ దగ్గరుండి ఆడించుకున్నవాళ్ళకు ఒక బాధ్యత ఉంటుంది. అందులో ఏమేం కలిసిందో వాళ్ళకు చివరిదాకా తెలిసి ఉండాలి.

మొదటి తప్పు

నేను చేరేనాటికి ఆ గదికి పెద్ద శివరుద్రప్ప సార్. కన్నడ మనిషి. మాతో తెలుగులో మొదలుపెట్టి, కోపం వచ్చేసరికి కన్నడలోకి వెళ్ళిపోయేవాడు. మా యంత్రాలు ఎవరో వాడి వదిలేసి దానంగా ఇచ్చినవి. కొత్త ప్యాకేజీలు వాటి మీద పెడితే మూలిగేవి. అందుకే సార్ మాకు కావలసిన భాగాలే ఉంచి, అక్కరలేనివి వదిలేసి, వెబ్ సర్వర్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేయించేవాడు.

దాంట్లో ముందు నడిచేది కాన్ఫిగర్ అనే చిన్న ప్రోగ్రాం. అది యంత్రమంతా తిరిగి ఏముందో, ఏం లేదో చూసి వరసగా తెర మీద రాస్తుంది. ఆ తర్వాత మేక్. అసలు కంపైల్ జరిగేది అప్పుడే. చివర మేక్ ఇన్‌స్టాల్, తయారైనదాన్ని దాని చోట పెట్టడానికి. మూడే మాటలు కావడం వల్ల వీటిని మంత్రంలా వల్లించేవాళ్ళు ఎక్కువ. నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటిసారి మేక్ కొట్టినప్పుడు తెర నిండా ఎర్రర్లు పారి ఒకచోట ఆగిపోయింది. నేను చివరి వరుసను పట్టుకుని దాన్నే గుచ్చి గుచ్చి చూస్తున్నాను.

"యాడ చూస్తాండావమ్మా?" అన్నాడు సార్ వెనక నిలబడి.

"చివర్లో సార్. ఎర్రర్ ఆడే ఉండాది."

"ఆడ నిలబడింది. తప్పు యాడో పైన జరిగింటాది. పైకి పో. మొదటి తప్పు చూడు. కడమవన్నీ దాని పిల్లలు."

పైకి వెళ్ళాను. చాలా పైన, నేను చూడకుండా వదిలేసిన ఒక వరుసలో, ఫలానా హెడర్ ఫైలు, అంటే కంపైల్‌కు ముందు చూసుకునే జాబితా లాంటిది, దొరకలేదని మర్యాదగా రాసి ఉంది. అది తెచ్చి పెట్టగానే కిందివన్నీ పోయాయి. సార్ శభాష్ అనలేదు. "నిధానంగా ఓదబేకు" అని గొణిగి వెళ్ళిపోయాడు. నిదానంగా చదవాలని ఆయన ఉద్దేశం.

ఆయన మంచి గురువా అంటే ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. పని నేర్పాడు. అందరి ముందూ పరువు తీసేవాడు కూడా. నాతో చేరిన ఒకమ్మాయి ఆయన నోటికి భయపడి మానేసింది, మంచి పనిమంతురాలు. పని వచ్చినవాళ్ళ కోపాన్ని మనం గొప్పతనం కింద లెక్కవేసుకుంటాం. ఆ లెక్క తప్పు. నేను పెద్దనయ్యాక గొంతు పెంచకుండా ఉండటానికి చాలా కష్టపడాల్సి వచ్చింది, ఎందుకంటే నేర్చుకున్నది ఆయన దగ్గరే.

వార్డు ఫోను

మా ఆసుపత్రిలో డయాలిసిస్ వార్డు ఉంది. కిడ్నీలు పనిచేయని వాళ్ళ రక్తాన్ని యంత్రం కడిగి మళ్ళీ ఒంట్లోకి పంపుతుంది. వారంలో ఇన్నిసార్లని ఒక్కొక్కరికీ వంతులుంటాయి. ఒక వంతు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, కాళ్ళు వాస్తాయి, ఊపిరి అందదు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఒక యంత్రం మొరాయిస్తే అందరి వంతులూ వెనక్కి జరుగుతాయి.

ఆ వంతుల సంగతి మొదట్లో సిస్టర్ విమల ఫోన్ చేసి చెప్పేది. విమల ఆ వార్డుకు ప్రాణం. ఎవరింట్లో ఫోను ఎవరు ఎత్తుతారో, ఏ ముసలాయనకు గట్టిగా చెప్పాలో ఆమెకు తెలుసు. తర్వాత నేనూ మంజునాథా కలిసి వంతుల పేజీ తయారుచేశాం. కూరెకుప్పలో ఉన్నా కంప్లిలో ఉన్నా ఫోనులో పేజీ తెరిస్తే తమ పేరు, తమ వంతు కనిపించేది. ఆ పేజీని చూసి నేను గర్వపడ్డాను. చేతిలో ఫోను పట్టుకుని "ఇదో, నా పేరు" అని పక్కవాళ్ళకు చూపించుకునే పేషెంట్లను చూశాను. ఆ సంతోషం అబద్ధం కాదు.

పేజీ స్థిరపడ్డాక అడ్మినిస్ట్రేటర్ రాఘవేంద్రరావు గారు వార్డు ఫోన్లు మాన్పించారు. "పేజీ ఉన్నాక సిస్టర్ టైము ఎందుకు వృథా?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నర్సులు చాలక ఆయన నలిగిపోతున్న రోజులవి. విమల మాత్రం నా గదికి వచ్చింది.

"మేడం, ఫోన్ చేస్తే వంతు ఒక్కటే చెప్పుకోము. గొంతు వింటాము. ఊపిరి ఎట్లుండాదో తెలుస్తాది. మీ పేజీకి అది తెలుస్తాదా?"

తెలియదని చెప్పాను. అడ్మినిస్ట్రేటర్‌తో ఒకసారి మాట్లాడాను కూడా. ఆయన ఆలోచిద్దామన్నారు. తర్వాత ఎవరి పనిలో వాళ్ళం పడిపోయాం.

తీసేశామనుకున్నది

ఆ ఏడు ఒక బయటి సంస్థ మనిషి వచ్చి మా యంత్రాల భద్రత పరీక్షించాడు. పేజీలను గుట్టుగా పంపడానికి సర్వర్ వాడుకునే లైబ్రరీ ఒకటుంటుంది. లైబ్రరీ అంటే ప్రోగ్రాములు అరువు తెచ్చుకుని వాడుకునే సరంజామా. మా దాంట్లో పాత లోపం ఉందని చెప్పి, కొత్తది పెట్టి, పాతదాన్ని డిస్కులోంచి తీసేశాడు. సర్వర్ నడుస్తూనే ఉంది. పేజీ వస్తూనే ఉంది. అంతా బాగుందని ఆయన చెప్పాడు, మేమూ అలాగే అనుకున్నాం.

కొత్తవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. నడుస్తున్న ప్రోగ్రాం తను మొదట తెరిచిన ఫైలును, దాన్ని డిస్కులోంచి తీసేసినా వదలదు. మెమరీలో పట్టుకునే ఉంటుంది. అంటే మేం తీసేశామనుకున్న పాత లైబ్రరీతోనే మా సర్వర్ నెలల తరబడి నడిచింది. కొత్తది పక్కన ఊరికే కూర్చుంది. పైగా మేం మా చేత్తో కంపైల్ చేసిన సర్వర్ ఆ పాత లైబ్రరీకి తగ్గట్టు తయారైంది. ప్యాకేజీ అయితే దాన్ని చూసుకునేవాళ్ళు వేరే ఉంటారు. మనం కంపైల్ చేసుకున్నదాన్ని చూసుకోవాల్సింది మనమే. కొత్త లైబ్రరీ రాగానే సర్వర్‌ను మళ్ళీ కంపైల్ చేసి, ఆపి, లేపి చూడాల్సింది. నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకని ఎవరం ముట్టుకోలేదు. ఈ రోగం మా ఒక్క గదిలోనే లేదని తర్వాత చాలాచోట్ల చూశాను.

పూజ

ఈ వైపు ఆయుధ పూజ అంటే ఏమిటో ఇక్కడ పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బయటినుంచి వచ్చిన పిల్లల కోసం చెబుతున్నాను. మహర్నవమి నాడు మా నాన్న గనుల లారీని కడిగి, ముందర అరటి కొమ్మలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. ఆ పొద్దు లారీ కదిలేది కాదు. నాగలైనా కుట్టుమిషనైనా కటింగు షాపులో కత్తెరైనా అంతే. ఏడాది పొడుగునా మన కోసం అరిగినదానికి ఒక్కరోజు విశ్రాంతి. నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు కానీ ఈ పండుగంటే ఇష్టం.

ఆసుపత్రిలో డయాలిసిస్ యంత్రాలను ఆపడం కుదరదు. తిరుగుతుండగానే కుంకుమ పెట్టి, పూలు చుట్టేవాళ్ళు. మా కంప్యూటర్ గదిని మాత్రం ఆపేవాళ్ళం. గుమ్మడికాయ కొట్టాక అన్నీ ఆర్పేసి, మర్నాడు విజయదశమి పొద్దున్నే లేపడం ఆనవాయితీ. వంతులు ముందే పేజీలో పెడతాం కాబట్టి అందరూ చూసుకునే ఉంటారని మా ధీమా.

ఆ విజయదశమి పొద్దున యంత్రాలన్నీ లేచాయి. వెబ్ సర్వర్ లేవలేదు. ఫలానా లైబ్రరీ ఫైలు దొరకలేదని ఒక్క వరుస రాసి ఆగిపోయింది. మంజునాథ ముఖం పాలిపోయింది. అతని ఇంట్లో కూలి పనికి కాకుండా నెలజీతానికి పోయిన మొదటి మనిషి అతనే. వాళ్ళమ్మ అప్పటికీ నాట్లకు పోయేది.

"అక్కా, నా పనికే ఎసరొస్తాది" అన్నాడు.

"ముందు దీన్ని లేపుదాం కూర్చో" అన్నాను.

పాత లైబ్రరీ ఎక్కడా మిగల్లేదు. మా దగ్గరున్న పాత సోర్సేమో కొత్త లైబ్రరీతో కంపైల్ కావడం లేదు. కొత్త సోర్స్ దించుకోవాల్సి వచ్చింది. కాన్ఫిగర్ సగంలో ఆగింది, కొత్త లైబ్రరీ హెడర్ ఫైళ్ళు పెట్టలేదని. అవి తెచ్చాం. సర్వర్ తయారైంది కానీ వంతుల పేజీని నడిపే మాడ్యూల్ అనే అదనపు భాగం పాత సర్వర్ కోసం కట్టినది, కొత్తదాంట్లో ఇమడలేదు. దాన్నీ మొదటినుంచి కంపైల్ చేశాం. పండుగ రోజు కావడంతో నెట్ పారేదే సన్నగా.

అడ్మినిస్ట్రేటర్ గారు గుమ్మంలో నిలబడి అడిగారు. "పాత పేజీ ఏదో ఒకటి పెట్టకూడదా అమ్మా? కనీసం ఖాళీగా కనపడకుండా ఉంటుంది."

"పోయిన వారం వంతులు కనిపిస్తాయి సార్. రావాల్సిన వాళ్ళు మానేస్తారు."

ఆయన ఒప్పుకున్నారు. ఆ జవాబు చెప్పినందుకు నేను మనసులో మెచ్చుకున్నాను కూడా, నన్ను నేనే. ఖాళీ పేజీని చూసి ఎవరేం అనుకుంటారో ఆ గదిలో ఉన్న ఏ ఒక్కరికీ తట్టలేదు.

పొద్దు వాలేవేళకు పేజీ లేచింది. పూజ ప్రసాదం మిగిలి ఉంటే అందరం పంచుకుంటున్నాం. అప్పుడు విమల వచ్చింది. ఆమె ముఖం చూసి మంజునాథ చేతిలోది కింద పెట్టాడు.

"కంప్లి గంగమ్మ రాలేదు మేడం. ఈ పొద్దు ఆమె వంతు. పొద్దున్నించి చూస్తాండాం. వాళ్ళ కొడుకు ఫోన్ ఎత్తడంలేదు. వంతులు వెనక్కి జరిగి ఇప్పటికే ఒక రోజు ఎక్కువైంది ఆమెకు. ఈ రాత్రి దాటితే నేను చెప్పలేను."

కంప్లి

ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరు బాషా. "జల్దీ ఎక్కండి మేడం" అన్నాడు. నేనెందుకు ఎక్కానో నాకే తెలియదు. నేను వెళ్ళి చేయగలిగిందేమీ లేదు. ఊరికే గదిలో కూర్చోలేకపోయాను. విమల ఆక్సిజన్ సిలిండరు చూసుకుని వెనక ఎక్కింది.

దారి పొడుగునా లారీలు పూలదండలతో నిలబడి ఉన్నాయి. కొన్నింటికి రంగు బుడగలు కట్టారు. ఏ ఊరు చూసినా జనం కొత్తబట్టలతో రోడ్డు మీదే ఉన్నారు. బాషా హారన్ మోగిస్తూ, బతిమాలుతూ, తిడుతూ తోలాడు. నేను గంగమ్మను అంతకుముందు వార్డులో చూసింది ఒకటి రెండుసార్లే. పేజీలో ఆమె పేరు కంప్లి అనే మాట పక్కన రోజూ చూసేదాన్ని. అంతే నాకు తెలిసిన గంగమ్మ.

ఇల్లు ఏటి వైపు పోయే సందులో ఉంది. వాకిట్లో మంచం మీద గోడకు ఆనించిన దిండ్లకు చేరగిలబడి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి కూర్చుంది. కాళ్ళు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. మాట మాటకూ మధ్య నోరు తెరిచి గాలి పీలుస్తోంది. ఆమె కొడుకు వీరేశ బన్ని ఆకులు, అదే మన జమ్మి, చేత్తో పట్టుకుని అప్పుడే సందులోంచి వచ్చాడు. ఈవైపు దశమి సాయంత్రం ఆ ఆకులనే బంగారమని ఒకరికొకరు పంచుకుంటారు. నన్ను చూసి ఎవరో పండుగకొచ్చిన పెద్దామె అనుకున్నాడు కాబోలు, నా చేతిలో రెండు ఆకులు పెట్టి వంగి దండం పెట్టాడు.

"వీరేశప్పా, మీ అమ్మకు ఈ పొద్దు వంతు. ఏమిటికి రాలేదు?" అన్నాను.

అతను నన్నూ అంబులెన్సునూ మార్చి మార్చి చూశాడు. "మిషన్లు నిలిపినారు గదక్కా."

"ఎవరు చెప్పిరి?"

"ఎవరూ చెప్పలేదు. పండగ సద్దులో ఫోను మోగింది గూడా వినపడలేదు. నిన్న సాయంత్రం చూస్తే పేజీ రాలేదు. ఈ పొద్దున గూడా రాలేదు. నిన్న ఆయుధ పూజ. మా ట్రాక్టరే నిలిపిండాము. మీ మిషన్లకూ పూజ చేసి నిలిపింటారు, మళ్ళా తిప్పినంక పేజీలో పెడ్తారులే అనుకొంటిమి."

విమల అప్పటికే గంగమ్మ నాడి చూస్తోంది. గంగమ్మ ఆమె చేయి పట్టుకుని, నా వైపు చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా అంది.

"సంవత్సరమంతా మా కోసరం తిరుగుతాండాయి తల్లీ. ఒక పొద్దు వాటికీ రెస్టు కావల్ల గదా. నేనే చెప్పినా వీనికి, ఫోన్ చేసి తొందర పెట్టాకు అని. నీళ్ళు గూడా తాగకుండా ఓర్చుకొన్యా."

నాకు ఏడుపొచ్చింది. మా మీద ఆమెకు కోపం రాలేదు, ఫిర్యాదు లేదు. ప్రాణం గొంతులోకి వస్తున్నా, యంత్రానికి విశ్రాంతి ఇవ్వాలని గొంతు తడుపుకోకుండా కూర్చుంది. పేజీ రాకపోతే మేం దాన్ని ఎర్రర్ అంటాం. ఆమె దాన్ని ఆసుపత్రి ఇచ్చిన జవాబు అనుకుంది.

వెనక్కి వచ్చేటప్పుడు వీరేశ తల్లిని ఒళ్ళో ఆనించుకుని కూర్చున్నాడు. విమల ఆక్సిజన్ పట్టుకుని "కండ్లు తెరువు గంగమ్మా, నాతో మాట్లాడు" అంటూనే ఉంది. వార్డులో యంత్రాన్ని సిద్ధంగా ఉంచారు. దాని మీద నిన్నటి కుంకుమ, వాడిన చేమంతులు అలాగే ఉన్నాయి. సూది గుచ్చుతుంటే గంగమ్మ ఆ పూలను చూసింది.

"దీన్ని నిలపలేదా?"

"లేదమ్మా" అంది విమల. "పూజ చేసినాము గానీ నిలపలేదు."

రక్తం గొట్టాల్లోకి ఎక్కి, తిరిగి రావడం మొదలయ్యాక చాలాసేపటికి ఆమె ఊపిరి కుదురుకుంది. డాక్టరు గండం గడిచిందని చెప్పాక నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. బన్ని ఆకులు నా చీర కొంగులో ఉన్నాయని అప్పుడు చూసుకున్నాను.

ఆపడం గురించి

పండుగ సెలవులు అయ్యాక మీటింగు పెట్టారు. బయటి సంస్థ మనిషి తను చేసింది పద్ధతి ప్రకారమేనన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. మంజునాథను సంజాయిషీ అడుగుతారని విన్నాను. అడిగితే ముందు నన్ను అడగండి, ఆ గదికి పెద్దను నేను అన్నాను. ఆ మాట అక్కడితో ఆగింది.

అడ్మినిస్ట్రేటర్ గారు చివరికి తేల్చారు. "వచ్చే ఏడాది నుంచి కంప్యూటర్లు ఆపేది లేదు. దండం పెట్టండి, దండ వేయండి, నడవనివ్వండి."

"ఆపాలి సార్" అన్నాను నేను.

"ప్రాణం మీదికి వచ్చింది కదమ్మా."

"ఆపినందుకు కాదు సార్, ఆపుతున్నామని చెప్పనందుకు. ఆపకపోతే ఇది లేవదని మనకు ఎప్పుడు తెలిసేది? ఏదో ఒకరోజు కరెంటు పోయి అదే ఆగేది. ఆ పొద్దు పండుగ కాదు కాబట్టి పేజీని నమ్ముకున్న పేషెంట్లు ఇంకా ఎక్కువమంది ఉండేవాళ్ళు."

ఆయన పెన్ను మూత తీసి కాగితం ముందుకు లాక్కున్నారు. "అయితే ఏం చేద్దామంటారు?" అన్నారు. అలా అడిగిన బాసులు నాకు ఎక్కువమంది దొరకలేదు. అందుకే ఆయన మీద నాకు గౌరవం ఉంది.

విమలకు ఫోను తిరిగొచ్చింది. పేజీ ఉన్నా ఫోను ఉంటుంది, ఇది మొదటిది. సర్వర్ కింద ఏ లైబ్రరీ మారినా అదే రోజు కొత్తగా కంపైల్ చేసి, ఆపి, లేపి, వార్డులో ఒకరి ఫోనులో పేజీ చూసి, ఆ తర్వాతే ఇంటికి పోవడం మా గది అలవాటైంది. ఆయుధ పూజకు ముందు ఒక పగలు, వార్డుకు చెప్పి, పక్కన విమల మనుషులు ఫోన్లు పట్టుకుని ఉండగా సర్వర్‌ను ఆపి లేపేవాళ్ళం. ఆ తర్వాతి ఏడు కూడా మొదటిసారికి లేవలేదు. చిన్నదే, మాడ్యూల్ ఒకటి చోటు మారింది. ఎవరి ముఖమూ పాలిపోలేదు. పైకి వెళ్ళి మొదటి తప్పు చూసి సరిచేశారు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. కంపైల్ చేయడం కష్టం కాదు, నాలుగు రోజుల్లో వస్తుంది. తెర మీద పారే వరుసలను చదివే ఓపిక ఉండాలి, అది రావడానికి ఏళ్ళు పడుతుంది. అంతకంటే ముఖ్యం, మీ తెరకు అవతల ఎవరున్నారో ఒకసారి బస్సెక్కి పోయి చూసి రండి. వాళ్ళ వాకిట్లో నిలబడి వాళ్ళ ఫోనులో మీ పేజీ చూడండి. ఇది చెబితే కొందరు ఇంజనీర్లు నవ్వుతారు. నవ్వనీయండి. వాళ్ళు కంప్లి పోలేదు.

పూజ రోజు సర్వర్ ఆపేముందు దూరపు పేషెంట్లకు నేనే ఫోన్ చేయడం మొదలుపెట్టాను. అది విమల పని, నా పని కాదు. అయినా ఆ ఒక్కరోజు నేనే చేసేదాన్ని. మొదటి ఫోను గంగమ్మకే.

"గంగమ్మా, నా పేజీ ఒక్కటే నిలుస్తాది. రక్తం కడిగే మిషన్లు తిరుగుతాంటాయి. నీ వంతుకు నువ్వు రావల్ల."

"వస్తాలే తల్లీ. నీదానికి రెస్టు ఇచ్చుకో" అనేది. గొంతు వినేదాన్ని. ఊపిరి ఎలా ఉందో వినేదాన్ని. విమల చెప్పింది అప్పుడు నాకు అర్థమైంది.

గంగమ్మ అలా కొన్నేళ్ళు వచ్చింది. తర్వాత ఒక వానాకాలంలో, ఇంట్లోనే, నిద్రలో పోయింది. గుండె అలసిపోయిందన్నాడు డాక్టరు. ఆ విజయదశమి వల్లనా అని నేను అడిగాను. కాదన్నాడు. మళ్ళీ అడిగినా కాదనే అన్నాడు. ఆయన మాట నిజమే అయి ఉంటుంది. అయినా నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు.

నేను రిటైరయ్యే ముందు చివరి ఆయుధ పూజ వచ్చింది. గదిలో యంత్రాలకు కుంకుమ పెట్టారు. పూజారి గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డాడు. అడ్మినిస్ట్రేటర్ గారు కొబ్బరికాయతో వచ్చారు. మంజునాథ కీబోర్డు నా వైపు జరిపాడు. ఎప్పటిలాగే నేను ఫోన్లు మొదలుపెట్టాను. చేయి ఎప్పటిలాగే మొదట గంగమ్మ ఇంటి నంబరుకే పోయింది. అవతల రింగవుతుంటే గుర్తొచ్చింది. పెట్టేసేలోపు వీరేశ ఎత్తాడు.

"అక్కా. అమ్మ లేదు గదక్కా."

"తెలుసప్పా. మరిచి చేసినా. ఏమీ అనుకోవాకు, పెడ్తా."

"పెట్టాకు" అన్నాడు. "ఎప్పుడు నిలుపుతాండావు?"

"ఇంకా కొంచెంసేపట్లో. ఏమిటికప్పా?"

"మా పక్క సందులో ఇద్దరు ముసలోళ్ళు వస్తాండారు మీ వార్డుకు. ఫోన్లు ఎత్తరు, ఎత్తినా వినపడదు. పేజీ రాకుంటే మా అమ్మ మాదిరే కూర్చొంటారు. నేను పోయి చెప్తా. నేను మళ్ళా ఫోన్ చేసేదాకా నిలపాకు."

సరేనని చెప్పాను. పూజారికి ఆగమని చెప్పాను. ఆయన గుమ్మడికాయను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. అడ్మినిస్ట్రేటర్ గారు ఎందుకని అడగలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కర్పూరం పళ్ళెం పక్కన పెట్టారు. యంత్రాలు మెడలో దండలతో తిరుగుతూనే ఉన్నాయి. ఫోను మోగింది.

"ఇద్దరికీ ఎదురుగా నిలబడి చెప్పి వచ్చినానక్కా" అన్నాడు వీరేశ ఆయాసపడుతూ. "ఇప్పుడు నిలుపు."

అప్పుడు ఆపాను.